ఎలుక మోకాలి కోసం అమీర్‌పేట దాకా

హైదరాబాదు వెళ్ళివచ్చిన వారిని చార్మినారు చూశారా అని అడగడం మా విశాఖలో ఆచారం. నేను చూడలేదు. వెళ్ళిన పని అది కాదు. నేను వెళ్ళింది ఒక ఎలుక మోకాలి కోసం.

కొంత వివరణ అవసరం. నేను ఒక జీవరసాయన ప్రయోగశాలలో పనిచేస్తాను. కణాలు ప్రాణవాయువును ఎంత వేగంగా వాడుకుంటున్నాయో కొలిచే పరికరం నా అధీనంలో ఉంటుంది. మనం తిన్న అన్నం చివరికి శక్తిగా మారేది కణంలోని మైటోకాండ్రియా అనే సూక్ష్మాంగంలో. వయసు మీరిన ఎలుకల్లో ఆ పొయ్యి మందగిస్తుంది. మోకాలి కింద ఒక నిర్దిష్ట బిందువులో ఆక్యుపంక్చర్ సూది గుచ్చితే అది మళ్ళీ రాజుకుంటుందా? మా ఆచార్యులు తలపెట్టిన ప్రయోగం ఇదే. రాజుకుంటుందని కొందరు రాశారు, తేల్చి చెప్పలేమని కొందరు రాశారు. ఇటువంటి చోట చేయదగింది ఒకటే, మనం కొలుచుకోవడం.

జంతువులపై జరిగే ప్రయోగాలను పరిశీలించే సంఘం మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగింది. సూది గుచ్చేది ఎవరు? అనుభవం గల ఆక్యుపంక్చర్ వైద్యులు స్వయంగా గుచ్చితే తప్ప అనుమతి లేదంది. విశాఖలో మేము అడిగిన వైద్యులందరూ మనుషులకైతే సరేనన్నారు. చివరికి హైదరాబాదులో, పంజాగుట్టలో వైద్యం చేసే సులోచన గారు ఫోనులో "రండ్రి, మాట్లాడుదాం" అన్నారు. ఆమె ఒప్పుకుంటే ప్రయోగం ఉంటుంది. ఒప్పుకోకపోతే నా పరికరానికి గుడ్డ కప్పి, నేను ఇంకో శాఖలో పని వెతుక్కోవాలి.

"ఎలుకల సంగతి ఎదురుగా కూర్చున్నాక చెప్పు. ఫోనులో బెదిరిపోతారు" అని మా ఆచార్యులు నన్ను రైలెక్కించారు. మూషికాన్ని దేవుడి వాహనంగా పూజించే వినాయక నవరాత్రుల్లో, ఎలుకలకు సూదులు గుచ్చమని అడగడానికి బయలుదేరుతున్నామని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. మా శాఖ గోడ మీద మూలకాల పట్టిక ఉంది. పంచాంగం లేదు.

అమీర్‌పేట: ఏ కోర్సు, సార్?

మెట్రో స్టేషను మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేలోపు నా రెండు చేతులూ కరపత్రాలతో నిండిపోయాయి. మా ఊళ్ళో కరపత్రం పంచేవాడు మన మొహం చూసి, అవసరమనిపిస్తే ఇస్తాడు. ఇక్కడ మొహంతో పని లేదు. అమీర్‌పేటలో నడుస్తున్నాడంటే ఆ మనిషికి ఏదో ఒకటి రాదనీ, అది నేర్చుకోవడానికే వచ్చాడనీ వారి సిద్ధాంతం. నా విషయంలో అది నిజమే కాబట్టి అన్నీ తీసుకున్నాను.

బస చేసిన హాస్టలు గదిలో మిగతా మంచాల వాళ్ళందరూ కంప్యూటరు కోర్సులు చేస్తున్న యువకులు. నల్గొండ నుంచి వచ్చిన ఒకతను మర్యాదగా అడిగాడు.

"ఏ కోర్సు, సార్?"

"ఆక్యుపంక్చర్ పని మీద వచ్చానండీ."

అతడు కొంచెంసేపు ఆలోచించాడు. "దానికి ప్లేస్‌మెంట్ ఉన్నదా?"

"ఎలుకలకు ఉంది. నాకు ఇంకా తేలలేదు."

అతడు మంచం దిగాడు. తన పెట్టెకు తాళం వేసుకున్నాడు.

పొద్దున టిఫిను సెంటరులో నెయ్యి, కారప్పొడి వేసిన ఇడ్లీ తిన్నాను. విశాఖలో ఇడ్లీ పక్కన అల్లం చట్నీ లేకపోతే జనం ప్లేటు వెనక్కి ఇచ్చేస్తారు. ఇక్కడ అడిగితే, కౌంటరు దగ్గర నిలబడ్డ యజమాని నావైపు జాలిగా చూసి, "అల్లం చట్నీ లేదు సార్. పల్లి చట్నీ ఉన్నది, మస్తుంటది, తినుండ్రి" అన్నాడు. తిన్నాను. అల్లం లేని లోటు మొదటి ఇడ్లీకి తెలిసింది, రెండోదానికి తెలియలేదు. ధర మా ఊరి కంటే ఎక్కువే, అయితే ఇడ్లీ వ్యాసం కూడా ఎక్కువ.

ఆ యజమాని పేరు యాదగిరి అని మరి కాసేపట్లో తెలిసింది. తెలిసిన పద్ధతి మాత్రం నాకు గర్వకారణం కాదు.

వీధి మలుపులో మూషికం

టిఫిను సెంటరు దాటగానే గణపతి మండపం. విగ్రహం ముందు, లడ్డూ పళ్ళానికి పక్కగా, నా నడుము ఎత్తున మూషికం నిలబడి ఉంది. చెవులు చిట్టెలుకవి, తోక పందికొక్కుది. అంతవరకు కళాకారుడి స్వేచ్ఛ అనుకుని ఊరుకున్నాను. కానీ వెనక కాలు నన్ను ఆపింది. మేము గుచ్చబోయే బిందువు సరిగ్గా ఆ కాలి మీదే, మోకాటికి కొద్దిగా దిగువన, వెలుపలి వైపు ఉండాలి. వంగి, బొటనవేలితో మోకాలు ఎక్కడుందో తడిమి చూస్తున్నాను.

"ఏం చేస్తున్నవ్, అన్నా?"

మండపం సంఘం కుర్రాళ్ళు ఇద్దరు నా వెనక నిలబడి ఉన్నారు. అబద్ధం చెప్పవలసిన అవసరం నాకు కనిపించలేదు.

"దీని మోకాలు చూస్తున్నానండీ. ఉండవలసిన చోట లేదు."

"మోకాలా?"

"వెనక కాలి మోకాలు ముందుకు వంగాలి. మీ శిల్పి వెనక్కి వంచాడు. పోనీ ఇది మడమ అనుకుందామంటే మరీ పైన ఉంది."

వాళ్ళలో ఒకడు టిఫిను సెంటరు వైపు తిరిగి పిలిచాడు. "యాదన్నా, జర ఇటు రా. ఎవరో సారు వచ్చిండు. మన ఎలుకకు కాలు బాగలేదంటుండు."

చేతులు తుడుచుకుంటూ యాదగిరి వచ్చాడు. మండపం సంఘానికి పెద్ద కూడా ఆయనే. "డాక్టరా, సార్?"

"కాదండీ. ఎలుకలతో పనిచేస్తాను."

"అంటే బోను పెడతరా, మందు పెడతరా?"

"రెండూ కాదు. సూదులు గుచ్చుతాం."

అప్పటివరకు మోగుతున్న పాటను ఎవరో తగ్గించారు.

"గణేశుని నవరాత్రులల్లనా?" అన్నాడు యాదగిరి నెమ్మదిగా.

"ఇప్పుడే కాదండీ, అనుమతి వచ్చాక" అని సవరించాను. దాంతో పరిస్థితి కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు.

"ఎవరు గుచ్చుతరు?"

"పంజాగుట్ట సులోచన గారు. ఇంకా ఒప్పుకోలేదు."

"మా అమ్మ మోకాళ్ళు చూసే సులోచనమ్మనా?" యాదగిరి మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. వెంటనే ఫోను తీసి ఆమెతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. "అమ్మా, నీ తానికి వైజాగు నుంచి ఒక సారు వస్తుండు. ఫికర్ చెయ్యకు, మంచోడే. ఎలుకలకు మోకాళ్ళ నొప్పులంట. జర చూడు."

ఈ విధంగా, ఎదురుగా కూర్చున్నాక చెప్పవలసిన విషయం నాకంటే ముందే పంజాగుట్ట చేరింది.

పంజాగుట్ట: బట్టల కొట్టు మీది అంతస్తు

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దూరమేమీ కాదు. కానీ కూడలి దాటడం ప్రత్యేక ప్రయాణం. మా ఊళ్ళో వాహనం మనల్ని చూసి ఆగుతుంది, లేదా ఆగదు. ఇక్కడ ఆగదు, అయితే పక్కకు జరుగుతుంది. ఆ నమ్మకం కుదిరేదాకా రోడ్డు అంచున నిలబడి ఉంటే, ఒక ముసలావిడ నా మోచేయి పట్టుకుని అవతలికి దాటించి, కూరగాయల బండి వైపు వెళ్ళిపోయింది.

సులోచన గారికి అరవై ఏళ్ళుంటాయి. నూలుచీర, కళ్ళద్దాలకు గొలుసు. గదిలో రెండు మంచాలు. ఒక మంచం మీద మెడలో సూదులతో ఒక పెద్దమనిషి బోర్లా పడుకుని ఉన్నారు. ఆయన కింది వీధిలో దర్జీ, పేరు ఖాజా భాయ్. మెడ తిప్పలేరు కాబట్టి మిగతా సంభాషణంతా ఆయన నేలతోనే చేశారు.

"కూసోండ్రి" అన్నారు డాక్టరమ్మ. "ఎలుకలకు మోకాళ్ళ నొప్పులని యాదగిరి చెప్పిండు. ఎన్నేండ్ల నుంచి?"

నేను మొదటినుంచి వివరించాను. మైటోకాండ్రియా, ప్రాణవాయువు, మందగించిన పొయ్యి. ఆమె మధ్యలో అడ్డురాకుండా విన్నారు. ఖాజా భాయ్ మాత్రం ఆగలేకపోయారు.

"సాబ్, ఎలుకలు ఎక్కడికెళ్ళి తెస్తరు? మా దుకాణంల మస్తున్నయ్. తాన్లకు తాన్లు కొరుకుతున్నయ్. ఫుకట్‌ల తీస్కపోండ్రి."

"అలా కుదరదండీ. మాకు కావలసినవాటి వంశక్రమం, పుట్టిన తేదీ, తిండి, అన్నీ తెలిసుండాలి."

"వంశమా?" అన్నారు ఆయన నేలవైపు చూస్తూ. "మా పిల్లకు సంబంధం చూసిన నాడు సుత నేను గిన్ని అడగలే."

"భాయ్, మెడ కదిలించకు" అని, డాక్టరమ్మ నావైపు తిరిగారు. "ఎలుకకు నేనెన్నడు పెట్టలే. కానీ చెయ్యి నేర్చుకుంటది, అది పెద్ద పని గాదు. మా గురువు నేర్పిన పద్ధతి ఒకటున్నది. ఎవరి మాట మీద సూది దిగుతదో, ముందుగాల వాళ్ళ ఒంట్ల దిగాలె. పిల్లగానికి పెట్టాలంటే ముందు తల్లికో తండ్రికో పెడత. ఎలుక తరఫున మీరొచ్చిండ్రు. గా మంచం మీద పండుండ్రి."

ఎడమ కాలు, కుడి కాలు

వృత్తిరీత్యా నేను చాలా ఎలుకలకు సూదిమందు ఇచ్చాను. నా రక్తపరీక్షకు మాత్రం మా ఇంట్లోవాళ్ళు ఇద్దరు తోడు వస్తారు. ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని శాస్త్రం వెనక దాక్కున్నాను.

"ఒక్క కాలికే పెట్టండి, డాక్టర్ గారూ. ఎడమకు. కుడి కాలిని పోల్చి చూడటానికి అలాగే వదిలేద్దాం."

"కాళ్ళకు సుత పరీక్షనా?"

"పోల్చడానికి ఏదీ లేకుండా కొలిచినా ఉపయోగం ఉండదండీ."

ఆమె మొదట తన ముంజేతికి ఒక సూది గుచ్చుకుని, అది అక్కడ ఉండగానే నా ఎడమ మోకాటి చిప్ప కింద నాలుగు వేళ్ళ వెడల్పు కొలిచి, ఎముక అంచు నుంచి వేలెడు బయటికి జరిగారు. ఆ బిందువుకు చైనా భాషలో 'కాలికి మూడు మైళ్ళు' వంటి పేరుందట. అలసిన బాటసారి అక్కడ నొక్కుకుంటే ఇంకో మూడు మైళ్ళు నడవగలడట. బాటసారుల్లో ఎంతమందిని పరిశీలించి చెప్పారో అడుగుదామనుకుంటుండగా సూది దిగింది.

నొప్పి లేదు. బరువైన, మొద్దుబారిన అనుభూతి ఒకటి పాదం వైపు జారింది. దాన్ని ఏ పదంతో నమోదు చేయాలా అని ఆలోచిస్తున్నాను. ఆ తరవాత నాకు వినిపించింది ఖాజా భాయ్ గొంతు.

"అమ్మా, సాబ్ చప్పుడు చేస్తలేడు. ఉన్నడా?"

"ఉన్నడు. కండ్లు తిరిగినయ్ అంతే."

మొహాన నీళ్ళు, చేతికి చాయ్ అందాయి. కింది హోటలు నుంచి వచ్చిన ఇరానీ చాయ్. మా వైపు టీ మెలకువ తెప్పిస్తుంది. ఇది మనిషిని కూర్చోబెట్టి బుజ్జగిస్తుంది. అది తాగుతుండగా డాక్టరమ్మ అడిగారు.

"ఒకటి చెప్పుండ్రి. సూది పెట్టినంక ఎలుక ఒంట్ల శక్తి పెరిగిందని ఎట్ల తెలుస్తది?"

"కాలి కండరం తీసి, అందులోని మైటోకాండ్రియాను వేరుచేసి, నా పరికరంలో వేసి కొలుస్తాం."

"కండ మొత్తమా?"

"మా పరికరానికి అంత కావాలండీ."

"మరి ఎలుక?"

ఇక్కడ రెండు దారులున్నాయి. విషయాన్ని కప్పిపుచ్చే పదాలు మా రంగంలో కావలసినన్ని ఉన్నాయి. అవేవీ నోటికి రాలేదు.

"ఎలుక మిగలదండీ."

ఆమె ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నారు. "నేను సూది పెట్టేది లేచి నడుస్తరని. పెట్టినంక లేవకుండ చేసే పనికి నా చెయ్యి రాదు. ఏమనుకోకుండ్రి."

"అబద్ధం చెప్తే అయిపోతుండె, సాబ్" అన్నారు ఖాజా భాయ్, సానుభూతితో.

"అయిపోతుండె" అన్నారు ఆమె. "వైజాగు దాక పోయి, సంగతి చూసి, సూది పెట్టకుండనే తిరిగొస్తుంటి."

ఖైరతాబాద్ వరుసలో

సాయంత్రం యాదగిరి నా మొహం చూసి ఫలితం ఊహించాడు. కొట్టు తమ్ముడికి అప్పగించి, "నడువుండ్రి సార్, ఖైరతాబాద్ గణేశుని చూసొద్దాం. హైదరాబాద్ వచ్చి ఆయన్ను చూడకుండ పోతే పనులెట్లయితయ్?" అన్నాడు. ఎర్రమంజిల్ మీదుగా నడిచాం. ఖైరతాబాద్ చేరకముందే రోడ్డు రోడ్డంతా మనుషులే. కదులుతున్నామా నిలబడ్డామా అన్నది పక్కనున్న భవనాన్ని గుర్తుపెట్టుకుంటే తప్ప తెలియడం లేదు.

"కాళ్ళు గుంజుతున్నయా, సార్?"

"గుంజుతున్నాయి. కుడిది కాస్త ముందు మొదలైంది. అయితే సంచీ కుడి భుజానికి తగిలించుకున్నాను కాబట్టి దీన్ని సాక్ష్యంగా తీసుకోలేం."

యాదగిరి నా సంచీ తీసుకుని తన భుజానికి వేసుకున్నాడు. "ఇప్పుడు చూడుండ్రి."

చూశాను. నిజాయితీగా చెప్పాలంటే, కాసేపటికి రెండు కాళ్ళూ సమానంగా నొప్పి పుట్టాయి. సూది గురించి ఆ నడక ఏమీ తేల్చలేదు. కానీ తలెత్తితే కనిపించేంత దూరంలో ఆ మహాకాయుడు, జనం తలల మధ్య ఎక్కడో మూషికం, మధ్యలో నేను ఒక కాలి మీద బరువు వేసి, తరవాత రెండో కాలి మీద వేసి పోల్చుకుంటూ నిలబడి ఉండగా ఒక సంగతి తట్టింది. ఉదయం నుంచి నా ఒంట్లోనే రెండు కాళ్ళను పోలుస్తున్నాను. దీనికోసం నన్నెవరూ కోయలేదు.

మా పరికరానికి కండరమంతా కావాలి, నిజమే. కానీ అది పాతది. పక్క శాఖలో యీస్టు మీద పనిచేసేవాళ్ళ దగ్గర చిన్న గిన్నె గల కొత్త పరికరం ఉంది. దానికి బియ్యపు గింజంత కండరపు పోగులు చాలు. మత్తిచ్చి, సూదుల చికిత్సకు ముందు ఒక గింజ, ముగిశాక ఒక గింజ తీసి కుట్టేస్తే, ప్రతి ఎలుకనూ దానితోనే పోల్చి చూడవచ్చు. సూది లేకుండా ఊరికే పట్టుకుని వదిలిన ఎలుకలు కొన్ని పక్కన ఉంటే, లెక్క ఇంకా గట్టిగా నిలుస్తుంది.

వరుసలోంచే మా ఆచార్యులకు ఫోను చేశాను.

"ఏంటయ్యా ఆ గోల? ఎక్కడున్నావు?"

"ఖైరతాబాద్ గణపతి దగ్గరండీ." విషయం చెప్పాను.

"యీస్టు వాళ్ళ పరికరమా? ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదు?"

"అవసరం మనది కాదు కదండీ, ఎలుకలది. అవి అడగలేదు."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "జంతువుల సంఘానికి మళ్ళీ రాయాలి. ముందు ఆవిడను అడుగు" అన్నారు.

మళ్ళీ పంజాగుట్ట

మర్నాడు డాక్టరమ్మ గదిలో ఖాజా భాయ్ కూర్చుని ఉన్నారు. మెడ ఇప్పుడు కుడివైపు తిరుగుతోంది. నేను ఎడమవైపు నిలబడటంతో ఆయన ఒళ్ళంతా తిప్పవలసివచ్చింది.

సులోచన గారు నేను చెప్పింది విని, వంకాయలు బేరమాడే ఇల్లాలిలా ప్రశ్నలు వేశారు.

"కుట్లెవరేస్తరు?"

"పశువైద్యులండీ."

"మత్తు దిగినంక నొప్పి?"

"నొప్పి తగ్గే మందు ఇస్తాం."

"పనయినంక?"

"బతికినంత కాలం సాకే వీలు నియమాల్లో ఉంది. మా శాఖలో ఎప్పుడూ వాడుకోలేదు. ఈసారి ముందే రాసి అడుగుతాం."

"సూది పనిచెయ్యదని తేలితే?"

"పనిచేయదనే రాస్తానండీ."

ఆమె మొదటిసారి నవ్వారు. "గది మంచి మాట. మూడు మైళ్ళ సంగతి నాక్కూడ తెలుసుకోవాలని ఉన్నది. నిమజ్జనం అయినంక, మీ సంఘమోళ్ళు సరేనంటే వస్త."

"ఎలుకలకు బట్ట కావాలంటే చెప్పుండ్రి" అన్నారు ఖాజా భాయ్. "కొరికిన ముక్కలు మస్తున్నయ్."

ఆయన వేళాకోళానికే అన్నారు కాబోలు. కానీ మాకు ఎలుకను కదలకుండా పట్టుకోవడానికి మెత్తటి గుడ్డ గొట్టాలు కావాలి. కొలతలు అక్కడికక్కడే గీసి ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "చేతులు బయటికి పెట్టాల్నా, లోపలికా?" అని అడిగారు. ఆయన దగ్గర అంతకుముందు ఎవరూ ఎలుకలకు కుట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం కుట్టారు.

తిరుగు రైలుకు బయలుదేరుతుంటే యాదగిరి మండపం లడ్డూ పొట్లం కట్టి ఇచ్చాడు. నాకు కాదు, ఎలుకలకు. తిండి మారితే కణశక్తి లెక్క తారుమారవుతుందని వివరించాను. "అయితే లెక్కలన్నీ అయినంకనే పెట్టుండ్రి సార్. మన గణేశుడు ఏమనుకోడు" అన్నాడు. పొట్లం మా శాఖ ఫ్రిజ్‌లో, 'ఆహారం కాదు' అన్న చీటీల సీసాల మధ్య ఉంది.

విశాఖలో మొదటి సూది

సంఘం అనుమతి ఇచ్చింది. డాక్టరమ్మ వచ్చారు. బీచి రోడ్డు చూపిస్తామంటే, ముందు ఎలుకలను చూస్తానన్నారు. పంజరాల వరుస వెంట నడిచి, ఒక ముసలి ఎలుక ముందు ఆగి, దాని కాలు వేలి కొసతో తడిమి, "దీని మోకాలు ఉండవల్సిన కాడనే ఉన్నది" అన్నారు. మండపం కథ యాదగిరి ఆమెకు పూర్తిగా చెప్పాడన్నమాట.

తరవాత మావైపు తిరిగారు. "ఈ ఎలుకలకు పెద్ద ఎవరు?"

గదిలో అందరి చూపులూ ఒకే దిక్కుకు వెళ్ళాయి. మా ఆచార్యులు అధ్యాపక వృత్తిలో తల నెరిసిన మనిషి. "అంటే, నేనేనండీ" అన్నారు.

"ప్యాంటు మడుచుకుని పండుండ్రి."

ఆయన నావైపు చూశారు. ఇది ప్రయోగ విధానంలో భాగమేనని నేను ధ్రువీకరించాను. ఎడమ కాలికే పెట్టించుకోమని సలహా కూడా ఇచ్చాను. సూది దిగాక ఆయన ఏదో చెప్పబోయి, చెప్పకుండానే స్పృహలోంచి సెలవు తీసుకున్నారు. మొహాన నీళ్ళు చల్లి, కింది నుంచి టీ తెప్పించాం.

సూది వల్ల కణశక్తి పెరిగిందా అని అడిగేవారికి ఇప్పుడే జవాబు చెప్పలేను. మొదటి గింజలు తీశాం, రెండో గింజలు తీయలేదు. ఆ రోజు గురించి మాత్రం ఒక్క పరిశీలన ఖాయంగా నమోదు చేయగలను. ఖాజా భాయ్ కుట్టిన నీలిచారల గొట్టంలోంచి మీసాలు బయటపెట్టి పడుకున్న ఆ ముసలి ఎలుక, సూది దిగినప్పుడు ఒకసారి ముక్కు కదిపి, మళ్ళీ కళ్ళు సగం మూసుకుంది. డాక్టరమ్మను మినహాయిస్తే, ఆ సూది పొడిపించుకున్న మా అందరిలో స్పృహ తప్పనిది అదొక్కటే.